అమ్మ పింఛను, అయ్యగారి పాసుపుస్తకం

ఏలూరు కాలువ కింద ఏ ఊళ్లోనైనా కోతలయ్యాక ఓ రైతు పక్కన కూచుని "ఏమాత్రం మిగిలిందండీ?" అని అడగండి. రూపాయల్లో చెప్పడు. "మక్తా కొలిచేశాక ఆరు బస్తాలు మిగిలాయండి" అంటాడు. మక్తా అంటే ఆసామికి కొలిచే కౌలు ధాన్యం. నష్టం వచ్చినా బస్తాల్లోనే వస్తుంది. డెబ్బై అయిదు కిలోల ఆ బస్తా ఇక్కడ తూకమూ అదే, నాణెమూ అదే. కౌలు బేరం బస్తాల్లో సాగుతుంది. ఎరువుల కొట్టు బాకీని మనసులో బస్తాల్లోకి మార్చుకుంటారు. పిల్ల కాలేజీ ఫీజు ఎన్ని బస్తాలో తేలేదాకా తల్లికి నిద్ర పట్టదు. కాబట్టి ప్రభుత్వాలు రైతు ఖాతాలో నేరుగా వేస్తున్న డబ్బుని కూడా ముందు బస్తాల్లోకి మార్చి చూద్దాం.

పీఎం కిసాన్ 2019 ఫిబ్రవరి 24న గోరఖ్‌పూర్‌లో మొదలైంది. ఏడాదికి 6,000 రూపాయలు, మూడు విడతలు. 2018-19 సార్వా (ఖరీఫ్) పంటకి సాధారణ రకం ధాన్యం మద్దతు ధర క్వింటాలు 1,750. బస్తా 1,312 రూపాయల చిల్లర. అంటే ఆరు వేలకి నాలుగున్నర బస్తాలు. 2025-26లో మద్దతు ధర 2,369కి వచ్చింది, బస్తా 1,777 అయింది. కేంద్రం ఇచ్చేది మాత్రం ఆ ఆరు వేలే. ఆ ధరకి దానికి వచ్చేవి మూడు బస్తాలు, పైన ఇంకో బస్తాలో మూడో వంతు. రూపాయలు అక్కడే ఉన్నాయి, ధాన్యంలో ఒక బస్తా పైచిలుకు ఎగిరిపోయింది.

రాష్ట్రం లెక్క కూడా చూద్దాం. 2019 అక్టోబరు 15న నెల్లూరు దగ్గర మొదలైన వైఎస్సార్ రైతు భరోసాలో కేంద్రం ఆరు వేలు కలుపుకుని కుటుంబానికి 13,500. ఆ అక్టోబరు నాటికి పెరిగిన ధరకి అది పది బస్తాలకి కొంచెం తక్కువ. 2025 ఆగస్టు 2న ప్రకాశం జిల్లా దర్శి ప్రాంతంలో మొదలుపెట్టిన అన్నదాత సుఖీభవలో కేంద్రం వాటాతో కలిపి 20,000. 2025-26 ధరకి పదకొండుంబావు బస్తాలు. ప్రభుత్వం మారింది, పేరు మారింది, అంకె ఆరున్నర వేలు పెరిగింది. బస్తాల్లో పెరిగింది ఒకటీ ఒకటిన్నర మధ్య. ఈ లెక్క ఏ సభలోనూ వినపడదు. అక్కడ లెక్క కోట్లలో ఉంటుంది.

అలాగని తీసిపారేసే సొమ్మని కాదు. ఈ సాయం ఎకరానికి కాదు, కుటుంబానికి. 2018 మే 10న హుజూరాబాద్ దగ్గర తెలంగాణ మొదలుపెట్టిన రైతుబంధు ఎకరానికి నాలుగు వేల చొప్పున ఇచ్చింది. యాభై ఎకరాలున్న ఆసామికి యాభై నాలుగులు రెండు లక్షలు, అదీ ఒక్క పంటకి. ఆంధ్రలో ఎకరం ఉన్నవాడికీ ఇరవై వేలే, పదెకరాలున్నవాడికీ ఇరవై వేలే. ఎకరం రైతుకి అది పెట్టుబడి, పదెకరాల రైతుకి డీజిలు ఖర్చు. ఈ ఒక్క విషయంలో మన పద్ధతి మెరుగని నా అభిప్రాయం. చిక్కు ఇంకోచోట ఉంది: ఆ ఎకరం ఎవరిది, దున్నుతున్నది ఎవరు?

సంతకం పెట్టని అయ్యగారు

ఒక మనిషిని ఊహించుకుందాం. పేరు పెట్టను. పేరు పెడితే ఒక్కడైపోతాడు, ఇలాంటివాళ్లు ఊరికి వందల్లో ఉన్నారు. తాడేపల్లిగూడెం నుంచి గణపవరం పోయే దారిలో ఏదో ఊరు. సొంత భూమి సెంటు లేదు. రెండెకరాలు మక్తాకి చేస్తాడు. నాన్న చేసిన పొలమే, అప్పటి ఆసామి కొడుకే ఇప్పటి ఆసామి. ఆయన హైదరాబాద్‌లో ఉంటాడు, సంక్రాంతికి వస్తాడు. ఇంట్లో తల్లి, భార్య, సర్కారు బడిలో ఇద్దరు పిల్లలు. రెండు గేదెలు.

సాయం పడేది పట్టాదారు పాసుపుస్తకం ఉన్నవాడికి. పీఎం కిసాన్‌లో కౌలుదారుకి చోటే లేదు. మొదట్లో అయిదెకరాల లోపు వాళ్లకే అన్నారు, 2019 ఎన్నికలయ్యాక భూమి ఉన్న అందరికీ అన్నారు. పరిమితి తీసేశారు కానీ భూమి లేనివాడి గీత మాత్రం చెరపలేదు. రాష్ట్రం కొంత నయం. రైతు భరోసాలో భూమిలేని ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ కౌలు రైతులకి 13,500 మొత్తం రాష్ట్రమే ఇచ్చింది. కానీ గోదావరి జిల్లాల్లో మక్తాకి చేసేవాళ్లలో ఓసీ కులాల పేదలు తక్కువేం కాదు. పక్కపక్క మడుల్లో ఒకే నీళ్లు పెట్టుకుని, ఒకే కొట్లో అప్పు చేసిన ఇద్దరిలో ఒకడికి వచ్చి ఇంకొకడికి రాకపోతే, "మరి నాకెందుకు రాలేదండీ?" అన్న ప్రశ్నకి వ్యవసాయ సహాయకుడి దగ్గర జవాబు ఉండేది కాదు.

సాయం అందాలంటే ముందు కౌలు కార్డు కావాలి. కార్డు కావాలంటే కాగితం కావాలి. కాగితం మీద అయ్యగారి సంతకం కావాలి. అసలు కథంతా ఆ సంతకంలో ఉంది.

దీనికి పాత చరిత్ర ఉంది. కౌలుదారుకి రక్షణ ఇద్దామని 1956లో ఆంధ్ర ప్రాంత కౌలుదారీ చట్టం తెచ్చారు. చట్టం మంచిదే. కానీ అది వచ్చాక భూస్వామి నేర్చుకున్న పాఠం ఒక్కటే, కౌలుని కాగితం మీదికి రానివ్వకూడదని. అప్పట్నుంచీ డెల్టాలో మక్తా అంతా నోటిమాట. 2011లో సాగుదారుల చట్టం తెచ్చి రుణ అర్హత కార్డులిచ్చారు. దాన్ని పక్కన పెట్టి 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం తెచ్చారు. ఇందులో పత్రం పదకొండు నెలలకే చెల్లుతుంది, భూమి మీద హక్కేమీ రాదని స్పష్టంగా రాశారు. ఆసామి భయం తీర్చడానికే అలా రాశారు. అయితే ఒప్పందం మీద ఆసామి సంతకం తప్పనిసరి చేశారు. తలుపు తెరిచి తాళంచెవి ఆయన జేబులోనే పెట్టినట్టయింది.

సంక్రాంతికి ఆసామి ఊరొస్తాడు. మనవాడు అరిటి గెల పట్టుకెళ్లి, కాసేపు మాటలయ్యాక మెల్లిగా ఎత్తుతాడు.

"బాబుగారూ, ఆ కౌలు కార్డు సంగతి... తమరు ఓ సంతకం పెడితే..."

"సంతకానిదేముందోయ్, నువ్వు మా నాన్నగారప్పటినుంచీ ఉన్నవాడివి. కానీ రేపు మా పిల్లలు ఏమైనా అమ్ముకోవాలంటే ఈ కాగితాలు అడ్డం రావూ?"

"అయ్యో, నేనెందుకు అడ్డం వస్తానండీ!"

"నువ్వు రావులే. కాగితం వస్తుంది."

మాట అక్కడితో ఆగిపోతుంది. గట్టిగా అడిగితే వచ్చే ఏడు ఆ పొలం ఇంకొకడికి పోతుంది. ఆసామి చెడ్డవాడేం కాదు, పెళ్లికి వెయ్యి రూపాయలు చదివించినవాడే. ఆయన ఫోన్‌కి మాత్రం ఏటా సాయం జమయిన సందేశం వస్తూనే ఉంటుంది.

ఇది ఒక్క సాయంతో పోయేది కాదు. పొలం ఎవరి పేరున ప్రభుత్వ పంట నమోదు ‘ఈ-పంట’లో ఎక్కితే ధాన్యం డబ్బు వాళ్ల ఖాతాలోకి పోతుంది, వరదొస్తే పంట నష్టపరిహారమూ వాళ్లకే పోతుంది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడని ముంచి, ఆ నీరంతా కొల్లేట్లోకి దిగింది. ఏలూరు–కైకలూరు రోడ్డు మీద నీళ్లు పారాయి. వరి మునిగిన రైతుకి హెక్టారుకి 25,000, అంటే ఎకరాకి పది వేలు ఇస్తామన్నారు. పెట్టుబడి మునిగింది కౌలుదారుది. నమోదు ఆసామి పేరున ఉన్నచోట ఆ పది వేలు ఎవరి చేతికి రావాలన్నది మళ్లీ ఆసామి పెద్దమనసు మీదే. ఆ పెద్దమనసు చాలామందికి ఉందని కూడా రాయాలి. పరిహారం తీసి రైతు చేతిలో పెట్టినవాళ్లు, ఆ ఏటి మక్తాలో నాలుగు బస్తాలు వదిలేసినవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. అది వాళ్ల మంచితనం. హక్కు అనిపించుకోదు.

మేలో వచ్చిన ఏడున్నర వేలు, ఆగస్టులో వచ్చిన ఏడు వేలు

డెల్టా రైతు ఏడాది కాలువతో మొదలవుతుంది. ధవళేశ్వరం దగ్గర జూన్‌లో నీళ్లు వదులుతారు. ఆకుమడి పోస్తారు. ఇరవై అయిదు, ముప్ఫై రోజులకి నారు తీసి ఊడుస్తారు. అంతలో దమ్ము, గట్టు లంక, కాంప్లెక్సు ఎరువు, ఊడ్పు కూలి, అన్నీ వరసగా మీద పడతాయి. రైతు చేతిలో ఏడాది మొత్తంలో ఒక్క రూపాయి కూడా లేని నెల ఏదయ్యా అంటే జూనే. దాళ్వా (రబీ) ధాన్యం డబ్బు ఏప్రిల్, మేలలో వచ్చి పాత బాకీలకి పోయి ఉంటుంది. బడులు తెరిచేదీ అప్పుడే.

2022 మే 16న అప్పటి ముఖ్యమంత్రి జగన్ మోహన్ రెడ్డి మన గణపవరం వచ్చి ఆ ఏటి తొలి విడత విడుదల చేశారు. రాష్ట్రం వాటా 5,500 ఆ రోజు, కేంద్రం వాటా రెండు వేలు నెలాఖరుకి. తారీఖు చూడండి, కాలువ ఇంకా వదల్లేదు. 2025లో తొలి విడత 7,000 ఆగస్టు 2న వచ్చింది. అప్పటికి ఆకుమళ్ల ముచ్చట ముగిసి ఊడ్పుల్లో ఉన్నారు. రెండో విడత మరో 7,000 నవంబరు 19న. అది కోతలకి ముందు పడింది, మిషను బాడుగకి పనికొచ్చింది. కొత్త పథకం తొలి ఏడాది, జాబితాలు సరిచూడాలి, వేలిముద్రలు పడాలి, ఆలస్యానికి కారణాలున్నాయి. నేను పార్టీల మధ్య తూకం వేయడం లేదు, తారీఖుల మధ్య వేస్తున్నాను.

రెండు నెలల ఆలస్యం వల్ల ఎంత నష్టం? నూటికి రెండు రూపాయల వడ్డీ అనుకుంటే ఏడు వేలకి నెలకి నూట నలభై, రెండు నెలలకి రెండొందల ఎనభై. ఇంతేనా అనిపిస్తుంది. నాకూ మొదట అలాగే అనిపించింది. కానీ జూన్‌లో ఎరువుల కొట్టుకో కమీషన్ కొట్టుకో వెళ్లి అప్పు రాయించుకున్నవాడు వడ్డీ ఒక్కటే ఒప్పుకుని రాడు. "ధాన్యం మాకే తోలాలి" అన్నది రాయకుండా రాసుకున్న షరతు. కోతలయ్యాక తేమ ఎక్కువుందనో, తాలు ఎక్కువనో బస్తాకి నూట యాభై తగ్గించారనుకోండి, మక్తా పోగా మిగిలిన ముప్ఫై బస్తాల మీద పోయేది నాలుగున్నర వేలు. రెండొందల ఎనభై రూపాయల వడ్డీ వెనకాల నాలుగున్నర వేల గుదిబండ. జూన్‌లో చేతిలో ఏడు వేలుంటే రైతు నగదిచ్చి మందు కట్టలు తెచ్చుకుంటాడు. నగదిచ్చేవాడితో కొట్టువాడి మాట తీరు కూడా వేరు. కుర్చీ జరుపుతాడు.

నగదు సాయం గురించి పెద్దలు చెప్పే మాటల్లో నాకు అన్నిటికన్నా నమ్మకం కుదిరింది ఈ కుర్చీ జరపడమే. అప్పు తీరదు, ఆస్తి పెరగదు, కానీ ఎవరి దగ్గర ముందు చెయ్యి చాపాలన్న వరస మారుతుంది. ఉత్తరప్రదేశ్‌లో పీఎం కిసాన్ మీద జరిగిన ఒక పరిశోధనలోనూ తేలింది ఇదే ధోరణి: వ్యవసాయం మీదే ఎక్కువ ఆధారపడి, బయట అప్పు సులువుగా పుట్టని రైతులకే ఆ డబ్బు ఎక్కువ అక్కరకొచ్చింది. కృషి విజ్ఞాన కేంద్రాల సలహా అందుబాటులో ఉన్నచోట కొత్త వంగడాలవైపు మొగ్గడం కూడా కనిపించింది. మన మారుటేరు వరి పరిశోధన స్థానానికి వందేళ్లు. 1982లో అది ఇచ్చిన స్వర్ణ దేశమంతా పాకింది. ఆ మారుటేరుకి కూతవేటు దూరంలో ఉన్న కౌలుదారు కూడా విత్తనం విషయంలో కొట్టువాడు ఏది అప్పిస్తే అదే చల్లుతాడు. సలహా ఉచితమే, దాన్ని పాటించడానికి జూన్‌లో చేతిలో నగదుండాలి.

సర్కారు రైతుకి డబ్బివ్వడం కొత్తేం కాదు, పూర్వం తక్కావి అప్పులని ఉండేవి. తెల్లదొరలు 1883, 1884లలో చట్టాలు చేసి, కరవొచ్చినప్పుడో విత్తనాలకో ఎడ్లకో రైతుకి సర్కారు ఖజానా నుంచి ఇచ్చిన అప్పు. మన తాతల నోట ఆ మాట ఉండేది. అది కూడా ముందు కరణం కాగితం చూసి, తర్వాత రైతు మొహం చూసేది.

ఇరవై ఏడు బస్తాలు పండించే అమ్మ

మళ్లీ మన కౌలు రైతు ఇంటికి వద్దాం. పొలం సాయం అతనికి రాదు. కానీ ఆ ఇంటికి నగదు రావడం లేదని ఎవరన్నారు?

నెల ఒకటో తారీఖు తెల్లవారగానే సచివాలయం ఉద్యోగి గుమ్మంలో నిలబడి "మామ్మగారూ, వేలు పెట్టండి" అంటాడు. 2024 జులై నుంచి పింఛను నెలకి నాలుగు వేలు. ఏడాదికి 48,000. మద్దతు ధరలో కొలిస్తే ఇరవై ఏడు బస్తాలు. రెండెకరాలు మోకాలి లోతు బురదలో దిగి చేసే కొడుక్కి మక్తా, ఖర్చులు పోను మంచి ఏడాదిలో కూడా అన్ని బస్తాలు మిగలడం కష్టం. అరుగు మీద కూచుని వత్తులు చేసుకునే తల్లి ఇప్పుడు ఆ ఇంట్లో పెద్ద రైతు. దాని మీద పిల్లల చదువుకి తల్లి ఖాతాలో పడే తల్లికి వందనం, 2025 జూన్‌లో ఒక్కో బిడ్డకి 13,000 చొప్పున వచ్చింది. ఇద్దరికి ఇరవై ఆరు వేలు. అదీ జూన్‌లో.

రెండూ కలిపితే 74,000. పొలం సాయానికి మూడున్నర రెట్లకి పైనే. ఇందులో ఒక్క రూపాయికీ భూమి కాగితం అక్కర్లేదు, అయ్యగారి సంతకం అక్కర్లేదు. పింఛను మనిషిని చూసి వస్తుంది, చదువు డబ్బు తల్లిని చూసి వస్తుంది. రైతు సాయం పాసుపుస్తకాన్ని చూసి వస్తుంది. కౌలు రైతు ఇంట్లో ఆకుమడికి విత్తనం వచ్చింది వ్యవసాయ శాఖ పద్దు నుంచి కాదు, అమ్మ కొంగుముడి నుంచి.

ఇందులో ఆ ముసలావిడకి దక్కిందేమిటి? పెద్దకోడలు చిన్నకోడలు అమ్మని ఎవరు ఉంచుకోవాలన్న తగువులు పల్లెల్లో మనం విన్నవే. ఇప్పుడు ఆ తగువు తిరగబడింది, "మా దగ్గరే ఉండత్తయ్యా" అంటున్నారు. నవ్వుకోవడానికి బాగానే ఉంది కానీ మందుబిళ్లలు ఎవరినీ అడక్కుండా కొనుక్కోగలగడం ఆ వయసులో చిన్న సంగతి కాదు. కొడుకు పెట్టుబడికి అడిగితే ఆవిడ ఇస్తుంది, వడ్డీ అడగదు. కాకపోతే ఏ మడిలో ఏ రకం చల్లావని అడుగుతుంది. జవాబు చెప్పాలి.

ఈ డబ్బు దేనికి ఖర్చవుతుంది, తాగేస్తారు గదా అనే మాట పట్నాల్లో వింటూంటాం. మధ్యప్రదేశ్ పల్లెల్లో 2011–12 ప్రాంతంలో ‘సేవా’ (SEWA) అనే మహిళా సంఘం, యూనిసెఫ్ కలిసి ఓ ప్రయోగం చేశాయి. ఎనిమిది ఊళ్లలో ఏ షరతూ లేకుండా పెద్దలకి నెలకి రెండొందలు, పిల్లలకి వందా, ఆ తర్వాత మూడొందలు, నూట యాభై ఇచ్చారు. డబ్బు ఎవరిది వాళ్ల పేరనే, పిల్లలది తల్లి చేతికే. ఆ ప్రయోగం నడిపి, దాని మీద పుస్తకం రాసిన నలుగురిలో ఒకరు మన హైదరాబాద్ సామాజిక శాస్త్రవేత్త శరత్ దావల. అక్కడ తాగుడు పెరగలేదు. చిన్న రైతులు కూలికి పోవడం తగ్గించి సొంత చేను మీద ఎక్కువ పని చేశారు. పశువులు పెరిగాయి. మూడొందల రూపాయలకి ఇంతా అని ఆశ్చర్యపోనక్కర్లేదు. నెలనెలా తప్పకుండా వస్తుందని తెలిసిన మూడొందలు, ఎప్పుడొస్తాయో తెలియని మూడు వేలకన్నా ఎక్కువ పని చేస్తాయి. వచ్చే నెల డబ్బు ఖాయమని తెలిస్తే ఈ నెల మేకపిల్లని కొనొచ్చు.

ఏకమొత్తంగా ఇచ్చినా ఫలితం లేకపోలేదు. కెన్యా పడమటి పల్లెల్లో గివ్ డైరెక్ట్‌లీ అనే సంస్థ పదివేలకి పైగా పేద ఇళ్లకి ఒక్కోదానికి వెయ్యి డాలర్ల దాకా ఇచ్చింది. గడ్డి కప్పులు పోయి రేకులొచ్చాయి. ఊళ్లో ధరలు పెద్దగా పెరగలేదు. ఇచ్చిన ప్రతి డాలరూ చుట్టుపక్కల చేతులు మారి రెండున్నర డాలర్ల వ్యాపారం అయిందని ఆర్థికవేత్తలు లెక్కగట్టారు. మన దగ్గర ఇచ్చిన ఇరవై వేలు ఎన్ని చేతులు మారుతుంది? ఆసామి ఖాతా హైదరాబాద్‌లో ఉంటే ఆ డబ్బు కూకట్‌పల్లిలో చేతులు మారుతుంది.

కొల్లేరు చెప్పే పాత కథ

చేతికి నగదొచ్చి చేతిలో పని పోవడం ఎలా ఉంటుందో తెలియాలంటే కొల్లేటి లంక గ్రామాలని అడగాలి.

బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు తెచ్చే నీరు కొల్లేట్లో చేరి, ఉప్పుటేరు మీదుగా సముద్రంలోకి పోతుంది. వానాకాలం సరస్సు, ఎండాకాలం పొలం. లోతట్టున సార్వా మాటే లేదు, నీరు లాగాక దాళ్వా ఒక్కటే. అది పండితే అన్నం, పండకపోతే వలలూ దోనెలూ. ఆ జనం దగ్గరికి 1976–77లో జలగం వెంగళరావు ప్రభుత్వం సహకార సంఘాలు పెట్టించి చేపల చెరువులు తవ్వించి ఇచ్చింది. ఉద్దేశం మంచిది. చెరువు నడపడానికి మేత కావాలి, పిల్ల కావాలి, డీజిలు కావాలి, అదంతా లక్షల పని. కొన్నేళ్లకి బయటి పెట్టుబడిదారులు వచ్చి సంఘాల చెరువులు లీజుకి తీసుకున్నారు. సభ్యుడికి ఏడాదికి వాటా సొమ్ము. ఇల్లు కదలకుండా నగదు. ఆ చెరువుల మీద అతనే కాపలా కూలీ.

1999లో ఐదో కాంటూరు వరకు 308 చదరపు కిలోమీటర్లని అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సార్ జాబితాలో చేరింది. 2006 ఫిబ్రవరిలో ఆపరేషన్ కొల్లేరు మొదలై, జూన్‌కల్లా గట్లు తెగ్గొట్టారు. వాటా సొమ్ము ఆగిపోయింది. వలల పని మళ్లీ మొదలుపెడదామంటే ఒక తరం దాన్ని మర్చిపోయింది. ఇచ్చిన నగదుతో పాటు నిర్ణయం కూడా జనం చేతిలో ఉండి ఉంటే కథ ఎలా ఉండేదో. చెరువు వాళ్లది, చెరువు మీద నిర్ణయం లీజుదారుది. ఇప్పుడు డెల్టాలో సాయం అందుకునేది ఒకరు, దున్నేది ఒకరు. రెండింటికీ పోలిక నాకు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

సముద్రం మీద వేట నిషేధం ఉండే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, అరవై ఒక్క రోజులకి సముద్ర మత్స్యకారులకి భృతి ఉంది. 2019లో పది వేలు చేశారు, 2025లో ఇరవై వేలయింది. కొల్లేటిలో వేటాడే మనిషి ఆ జాబితాలో లేడు. ఎండాకాలం అతనికి సరస్సే ఎండిపోతుంది. దానికి నిషేధమని పేరు లేదు.

కొల్లేటి చుట్టూ కలిదిండి, కైకలూరు, ఆకివీడు వైపు ఇంకో మార్పు నడుస్తోంది. వరి పొలం చెరువైతే ఆసామికి వచ్చే లీజు, మక్తా బస్తాలకన్నా చాలా ఎక్కువ. ఒక గట్టు వేస్తే పక్క పొలంలోకి ఊట దిగి అది కూడా వరికి పనికిరాకుండా పోతుంది. అది కూడా చెరువవుతుంది. కౌలు రైతుకి ఇక్కడ సాయం వస్తుందా రాదా అన్నదానికన్నా పొలమే ఉంటుందా అన్నది ముందు ప్రశ్న. నగదు సాయం గురించి ఎంత మాట్లాడినా ఈ ఊట గురించి దానికి చెప్పడానికేమీ లేదు.

మక్తా పెరగదా?

కౌలు రైతుకే నేరుగా ఇచ్చేస్తే సరిపోతుంది గదా అని మనందరికీ తోస్తుంది. అన్నదాత సుఖీభవలో కార్డున్న భూమిలేని సాగుదారులకి రాష్ట్రమే మొత్తం సొమ్ము ఇస్తామంది. కానీ ఇంకో భయం ఉంది. ఇరవై వేలు కౌలుదారుకి వస్తుందని ఆసామికి తెలిస్తే వచ్చే ఏటి మక్తా రెండు బస్తాలు పెంచడా? పొలం ఒకటి, చేస్తామని వచ్చేవాళ్లు నలుగురు. బేరం ఎటు మొగ్గుతుందో ఊహించడం కష్టం కాదు. 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించి సార్వాకి పొలాలు వదిలేసినప్పుడు ప్రభుత్వం మోహన్ కందా సంఘాన్ని వేసింది. మద్దతు ధర, కూలి రేట్లు, కాలువల పూడిక, మురుగు నీరు, అన్నీ చర్చకొచ్చాయి. పొలాలు బీడు పెట్టగలిగినవాడు మాత్రం ఆసామి. కౌలుదారుకి విరామం లేదు. ఆ ఏడు అతను కూలికి పోయాడు.

అందుకనే నాకు అమ్మ పింఛను పద్ధతి నచ్చింది. దాన్ని ఏ ఆసామీ మక్తాలో కలుపుకోలేడు. అది ఏ సర్వే నంబరుకీ అంటుకుని లేదు. మనిషితో పాటు నడుస్తుంది, ఊరు మారితే ఊరు మారుతుంది. సాగుదారు సాయాన్ని కూడా భూమి నుంచి విడదీసి, ఇంటికి, నెలకి కట్టడం అంత అసాధ్యమా? ఈ-పంట నమోదు ఉంది, రైతు సేవా కేంద్రం ఊళ్లోనే ఉంది, ప్రతి మడిలో ఎవరు ఊడుస్తున్నారో ఆ ఊళ్లో అందరికీ తెలుసు. వ్యవసాయ సహాయకుడికి ఇంకా బాగా తెలుసు. తెలిసిన విషయాన్ని రాయడానికే ఇంకొకరి సంతకం అడుగుతున్నాం. ఆ సంతకం మీద పట్టు వదలడానికి ఏ ప్రభుత్వానికీ ధైర్యం చాల్లేదు, ఎందుకంటే భూమి ఉన్నవాడి ఓటు, లేనివాడి ఓటు ఒకే పెట్టెలో పడినా ఊళ్లో మాట వినపడేది మొదటివాడిదే.

నవంబరు నెల. సార్వా చేను పసుపు తిరిగింది. రైతు సేవా కేంద్రం గోడకి సాయం జాబితా అంటించారు. కోత మిషను వరస అడగడానికి వచ్చిన మన కౌలుదారు గుమ్మంలో చెప్పులు విడిచి, వేలు పెట్టి పేర్లు చదువుతూ కిందికి దిగాడు. అయ్యగారి పేరు కనిపించింది. సర్వే నంబరు, విస్తీర్ణం రెండెకరాలు, తండ్రి పేరు, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. పక్కన ఫోన్ నంబరు చివరి నాలుగంకెలు. అవి అతనికి నోటికి వచ్చు. సంక్రాంతికి బియ్యం బస్తాలు బస్సుకి వేశాక ఆ నంబరుకే ఫోన్ చేసి చెప్పాలి.

"మీ పేరుందా బాబాయ్?" అంది లోపలినుంచి అమ్మాయి.

"మా పొలం పేరుందమ్మా" అన్నాడు. మిషను ఎప్పుడొస్తుందో కనుక్కుని, చెప్పులు తొడుక్కుని, ఒకటో తారీఖుకి ఇంకెన్ని రోజులుందో లెక్కపెట్టుకుంటూ గట్టు మీదుగా నడిచాడు.